మంచులో దూలయ్య తవ్విన గుంతలు

ఎర్రవాగు అటవీ రేంజి ఆఫీసుకు ఆ కాగితం వచ్చిన పొద్దు వాచర్ కుంజా దూలయ్య అక్కడ లేడు. ఉంటే అందరిలాగే తనూ ఏదో సాకు చెప్పి తప్పించుకునేవాడే. ములకలపల్లి దాటి మూడు మైళ్లు లోపల కొత్త టేకు ప్లాంటేషన్‌లో, కూలీలు తవ్విన గుంతల్ని కొలకర్రతో కొలుస్తున్నాడు.

గుంత అంటే అడుగున్నర పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. గోడలు నిట్టనిలువుగా ఉండాలి. ఏ పక్క కొంచెం వాలినా దూలయ్య పెదవి విరిచేవాడు. "ఇది గుంత కాదు, కోడి గీరింది" అని మళ్లీ తవ్వించేవాడు. పద్నాలుగేళ్ల సర్వీసులో ఆఫీసర్ల ముందు 'అవ్ సారూ' తప్ప మరో మాట అనని మనిషి, గుంత దగ్గర మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు. కూలీలు అతనికి గుంతల దూలయ్య అని పేరు పెట్టారు. ఆ పేరు అతనికి నచ్చింది కూడా.

కాగితంలో సంగతి ఇదీ. హిమాచల్‌లో మంచు చరియలు విరిగిపడే ప్రమాదాల మీద మూడు వారాల ట్రైనింగు. కొండలున్న ప్రతి రేంజి నుంచి ఇద్దరు రావాలి. ఎర్రవాగు రేంజిలో కొండలున్న మాట నిజమే. ఎండాకాలం ఆ కొండల మీద బండను ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది. కానీ ఎక్కడో పై ఆఫీసులో ఎవరో 'కొండ ప్రాంతం' అన్న గడిలో టిక్కు చూసి, ఈ రేంజి పేరు కూడా జాబితాలో ఎక్కించేశారు. అది 1988 జనవరి.

రేంజర్ ఆదినారాయణ గారిది సత్తుపల్లి వైపు. దసరా దాటిందంటే చెవులకు మఫ్లరు చుట్టుకుని, శివరాత్రికి గాని విప్పేవాడు కాదు. కాగితం చదవగానే ఆయనకు రెండు తుమ్ములు వచ్చాయి. తన బదులు గార్డు బానోతు భీమ్లా పేరు రాశాడు. భీమ్లాకు పాతికేళ్లు. ఢిల్లీ చూడాలని చిన్నప్పటి నుంచి కోరిక. పైగా, లంబాడి మాట వచ్చినవాడికి హిందీ పుట్టుకతో వచ్చినట్టేనని అందరికీ చెప్పుకునేవాడు. రెండో మనిషి కోసం ఆఫీసంతా అడిగారు. క్లర్కు బొజ్జయ్యకు నడుం పట్టేసింది. ఇంకో గార్డుకు ఆ క్షణంలోనే జ్వరం వచ్చింది. సాయంత్రం కొలకర్ర భుజాన వేసుకుని దూలయ్య ఆఫీసు మెట్లెక్కేసరికి, తప్పించుకోవడానికి సాకులేవీ మిగల్లేదు.

"దూలయ్యా, నిన్ను ట్రైనింగుకు పంపిస్తున్నాం. మంచు మీద" అన్నాడు రేంజర్.

"మంచు మీద ఏం ట్రైనింగు సారూ?"

"అది మీద పడితే ఎట్లా తప్పించుకోవాలో నేర్పుతారు."

దూలయ్య కాసేపు ఆలోచించాడు. అతనికి తెలిసిన మంచు తెల్లారగట్ల కందిచేల మీద ఉంటుంది. పొద్దెక్కితే పోతుంది. "రోజూ పడుతనే ఉన్నది గద సారూ. తువ్వాల కప్పుకుంటె అయిపాయె."

"ఆ మంచు కాదయ్యా. ఇది నడుం లోతు ఉంటుంది. కొండ మీంచి ఒక్కసారి జారిందంటే మనుషుల్ని మింగేస్తుంది." రేంజర్ కూడా దాన్ని ఎన్నడూ చూసినవాడు కాదు. అందుకని గోడ మీది ఎరువుల కొట్టు క్యాలెండరు చూపించాడు. నీలం ఆకాశం కింద తెల్లటి కొండ ఉంది అందులో.

దూలయ్య దగ్గరికి పోయి చూశాడు. "సున్నం ఎవరు కొట్టిండ్రు?" అని అడిగాడు. రేంజర్ మఫ్లరు సర్దుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఇంటికి పోయి భార్య గంగక్కకు చెబితే ఆమె రోకలి ఆపి విన్నది. "మంచు మీద పడి మనుషులు సచ్చుడేంది? గా రేంజరు నిన్ను ఆటపట్టిచ్చిండు" అన్నది. అయినా మూట మాత్రం గట్టిగానే కట్టింది. జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు, గుప్పెడు ఎండుమిరపకాయలు, సంతలో కొన్న నల్ల గొంగడి. దూలయ్య ఆ మూటలో తన కొలకర్ర కూడా దోపుకున్నాడు. ఎందుకని గంగక్క అడగలేదు. ఆ కర్ర లేకుండా అతను పెళ్లిళ్లకు కూడా పోయేవాడు కాదు.

ఖమ్మంలో ఇద్దరూ జీటీ రైలు ఎక్కారు. ఖమ్మంలో భీమ్లాను 'గార్డుసారూ' అని పిలిచిన దూలయ్య, నాగపూర్ దాటేసరికి 'తమ్మీ' అనడం మొదలుపెట్టాడు. అప్పటికి రొట్టెలు ఒకే మూటలోంచి తింటున్నారు మరి. ఢిల్లీలో దిగి, భీమ్లా స్టేషన్ బయట నిలబడి ఊరంతా ఒకసారి కలయజూసి, "ఇంతేనా" అన్నాడు. అక్కడి నుంచి బస్సు. రాత్రీ పగలూ మలుపులు. భీమ్లా కిటికీలోంచి బయటికి వంగి కక్కుకుంటూ ఉంటే, దూలయ్య అతని నడుం పట్టుకుని కూర్చున్నాడు.

బస్సు ఆగాక దూలయ్య దిగి చూశాడు. క్యాలెండరులో బొమ్మ అబద్ధం కాదు. కొండలు, ఇళ్ల కప్పులు, చెట్ల కొమ్మలు, కట్టేసిన గాడిద వీపు, అన్నీ తెల్లగా ఉన్నాయి. వంగి పిడికెడు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. పళ్లు జివ్వుమన్నాయి.

"ఎట్లున్నది దూలన్నా?" అన్నాడు భీమ్లా.

"ఉప్పు లేదు" అన్నాడు దూలయ్య.

ట్రైనింగు కేంద్రం ఒక లోయలో ఉంది. రకరకాల రాష్ట్రాల నుంచి ముప్పై మంది వచ్చారు. నేర్పే ఆయన పేరు నేగీ. పూర్వం పటాలంలో సుబేదారు. అరవై దాటినా కొండ మేకలా ఎక్కేవాడు. ముక్కు మాత్రం చలికి ఎప్పుడో దెబ్బతిని, కొసన నల్లగా ఉండేది. అక్కడ ఇచ్చిన దళసరి కోటు దూలయ్యకు మోకాళ్ల దాకా వచ్చింది. దాని మీద గొంగడి కప్పుకుంటే, దూరం నుంచి చూసినవాళ్లు ఎలుగుబంటి వస్తోందని పక్కకు జరిగారు.

నేగీ సాబ్ హిందీలో చెప్పేవాడు. దాన్ని భీమ్లా దూలయ్యకు తెలుగులో చెప్పాలి. పుట్టుకతో వచ్చిన హిందీ మూడు మాటల్లో ఒకటి పట్టుకుని, మిగతా రెండు వదిలేస్తోందని రెండో రోజుకే తేలిపోయింది. ఒక పూట నేగీ సాబ్ వాలు మీది మంచును చూపించి, "బరఫ్ సో రహీ హై, ఇసే జగానా మత్" అన్నాడు. మంచు నిద్రపోతోంది, దాన్ని లేపొద్దు అని ఆయన భావం.

"ఏమంటుండు?" అని అడిగాడు దూలయ్య.

"బరఫ్ మీద పండుకోవద్దంటుండు" అన్నాడు భీమ్లా.

"ఎవడు పండుకుంటడు గీ సలిల?"

"అందుకే గద చెప్తుండు."

అయినా చేతులతో చూపించే పాఠాలకు భాషతో పనిలేదు. వాలు దాటేటప్పుడు ఒకరి తర్వాత ఒకరే పోవాలి, గుంపుగా పోకూడదు. నడుముకు పొడవాటి ఎర్ర తాడు కట్టుకుని వెనక ఈడ్చుకుంటూ నడవాలి. మనిషి మంచులో కూరుకుపోయినా తేలికైన తాడు పైన తేలుతుంది, దాన్ని పట్టుకుని వెతుక్కోవచ్చు. జారే మంచులో చిక్కితే ఈత కొట్టినట్టు చేతులు ఆడించాలి. ఆగబోతుండగా మొహం ముందు చేతులు అడ్డం పెట్టుకోవాలి, అప్పుడు ఊపిరికి కాస్త చోటు మిగులుతుంది. ఈ ఈత పాఠం భీమ్లాకు తెగ నచ్చింది. తండాలో చెరువు లేక ఈత నేర్వలేదట. రోజూ అన్నం తిన్నాక బల్ల మీద బోర్లా పడుకుని చేతులు కాళ్లు కొట్టేవాడు.

ఐదో రోజు నేగీ సాబ్ అందరి చేతికీ పారలిచ్చి, గుంత తవ్వమన్నాడు. ఆ మాటకు అనువాదం అక్కర్లేకపోయింది. దూలయ్య గొంగడి తీసి పక్కన పెట్టాడు. మూటలోంచి కొలకర్ర తెచ్చాడు. ముందు గీతలు గీసి, నాలుగు మూలలూ చెక్కి, అడుగున్నర లోతు తవ్వి, అంచులు చేత్తో తడిమి నిలబడ్డాడు. మిగతావాళ్లవి కుక్కలు తవ్వినట్టు ఉన్నాయి. నేగీ సాబ్ వచ్చి చూసి, కిందికి, ఇంకా కిందికి అని చెయ్యి చూపించాడు. నేల తగిలేదాకా పోవాలట.

"ఆరడుగులు ఉంటదేమో" అన్నాడు భీమ్లా భయపడుతూ.

దూలయ్య మొహం విప్పారింది. పద్నాలుగేళ్లుగా ప్రభుత్వం అతన్ని అడుగున్నర దగ్గరే ఆపేసింది.

నేల తగిలేసరికి దూలయ్య తల గుంతలో కనపడటం లేదు. నాలుగు గోడలూ అద్దాల్లా ఉన్నాయి. నేగీ సాబ్ లోపలికి దిగి చాలాసేపు ఆ గోడను చేత్తో నిమురుతూ ఉండిపోయాడు. తర్వాత అందరినీ పిలిచి, పాఠం ఆ గుంతలోనే చెప్పాడు. మంచంతా ఒక్కటి కాదు. పడ్డ ప్రతిసారీ ఒక పొర. పైన దూదిలాంటిది, దాని కింద గాలికి అణిగి రొట్టెలా గట్టిపడింది, ఆ కింద ఎండకు కరిగి మళ్లీ గడ్డకట్టింది. అన్నింటికంటే అడుగున, నేలకు ఆనుకుని, గింజలు గింజలుగా ఒక పొర. నేగీ సాబ్ అందులో వేలు గుచ్చితే అది జలజలా రాలింది. దూలయ్య చేతిలోకి తీసుకున్నాడు. ముద్ద కట్టాలని పిసికితే కట్టలేదు.

"దొడ్డుప్పు" అన్నాడు.

భీమ్లా దాన్ని 'మోటా నమక్' అని చెప్పాడు. నేగీ సాబ్ దూలయ్య భుజం తట్టాడు. ఆ పొర పలచగా ఉంటే ఫరవాలేదు. మందంగా ఉండి, పైన గట్టి రొట్టె బరువు ఎక్కితే కొండ ఎప్పుడైనా జారుతుంది. ఆ ఒక్క అనువాదంలో భీమ్లా ఏమీ వదలలేదు.

ఆనాటి నుంచి దూలయ్య రోజూ పొద్దున్నే, ఎవరూ చెప్పకుండానే, ఎక్కడో ఒకచోట గుంత తవ్వేవాడు. దొడ్డుప్పు ఎన్ని వేళ్ల మందం ఉందో చూసుకుని, పూడ్చేసి వచ్చి చాయ తాగేవాడు. ఇతనికేమైనా మొక్కుందా అని బీహారు నుంచి వచ్చినవాళ్లు భీమ్లాను అడిగారు. ఉందని చెప్పాడు భీమ్లా, గొడవ లేకుండా పోతుందని.

చివరి వారంలో రెండు రోజులు ఆగకుండా మంచు పడింది. గాలి కూడా తోడైంది. మూడో రోజు ఆకాశం కడిగినట్టు తేటపడింది. ఆ రోజే సర్టిఫికెట్లు ఇవ్వడానికి ఢిల్లీ నుంచి పెద్దసారు వస్తున్నాడు. ఆయనకు ఎదురు వెళ్లడానికి నేగీ సాబ్ తెల్లారేసరికే లోయ కిందికి దిగిపోయాడు. నేగీ సాబ్ తిరిగి రాకముందే పెద్దసారు వేరే దారిలో జీపులో వచ్చేశాడు. దిగి, చుట్టూ చూసి, తూర్పు వైపున్న తెల్లటి వాలు ఫొటోలో బాగా వస్తుందన్నాడు. వాలు అడుగున షామియానా వేశారు. బల్లలు, కుర్చీలు, చాయ, జిలేబీలు, రొట్టెలు, ఉప్పు డబ్బా, సర్టిఫికెట్లున్న రేకు పెట్టె, అన్నీ అక్కడికి మోశారు.

అదే వాలు పక్కన, ఒక బండ చాటున, దూలయ్య తన పొద్దుటి గుంతలో ఉన్నాడు. దొడ్డుప్పు పొర జానెడు మందం ఉంది. దాని మీద రొట్టె రెండడుగులు. పార వెనక వైపుతో ఊరికే అలా తట్టాడో లేదో, పైనున్న గడ్డ బల్లంత వెడల్పున విడిపోయి అతని పాదాల మీదికి జారి కూర్చుంది. దూలయ్య పైకి ఎక్కి వాలును చూశాడు. కిందికి చూస్తే షామియానా. ఎండ కొండ కొమ్ము మీదికి అప్పుడే వస్తోంది.

పరుగున దిగాడు. దారిలో అడుగడుగునా ఒకటే ఆలోచన. చెప్పాల్సింది ఢిల్లీ సారుకు. ఎర్రవాగు రేంజరు ముందే నోరు పెగలదు తనకు.

"తమ్మీ, గీడనుంచి అందరు లేవాలె. కొండ జారుతది. సారుకు చెప్పు."

భీమ్లా అతని మొహం చూసి, మారుమాట లేకుండా పోయి హిందీలో చెప్పాడు. పెద్దసారు గొంగడిని, కొలకర్రను చూసి నవ్వాడు. ఇతనికి మంచులో ఎన్నేళ్ల అనుభవం అని అడిగాడు.

"అట్ఠారా దిన్" అన్నాడు భీమ్లా. పద్దెనిమిది రోజులు.

చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. పెద్దసారు కోపం తెచ్చుకోలేదు, అదే కష్టమైంది. మంచివాడే. దూలయ్యను కూర్చోమని, జిలేబీ తినమని చెప్పాడు. దూలయ్య కూర్చోలేదు. గుంత దాకా వచ్చి చూడమని వేడుకున్నాడు. ఆయన తన పొట్ట వైపు, వాలు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు దూలయ్య బల్ల మీదున్న పళ్లెం లాక్కున్నాడు. ఉప్పు డబ్బా వంచి పళ్లెం నిండా పరిచాడు. దాని మీద ఒక రొట్టె పెట్టాడు. రొట్టె మీద, బరువు కోసం, పెద్దసారు ముందున్న చాయ కప్పు పెట్టాడు.

"చూడు సారూ. కింద ఉప్పు, పైన రొట్టె. ఇంత వాలు చాలు" అని తెలుగులోనే చెప్పి, పళ్లెం ఒక పక్క మెల్లగా ఎత్తాడు.

మెల్లగానే ఎత్తాడు. కానీ ఉప్పు తన పని తాను చేసింది. రొట్టె, దాని మీది కప్పు, కప్పులోని సలసల కాగే చాయ, వెనక సగం ఉప్పు, అన్నీ కలిసి పెద్దసారు ఒళ్లో పడ్డాయి.

ఆయన లేచి గెంతిన గెంతుకు కుర్చీ పడిపోయింది. నలుగురు రుమాళ్లు తీశారు. ఎవరో మంచు తెచ్చి ఆయన ప్యాంటు మీద అద్దారు. ప్యాంటు మార్చుకోవడానికి పెద్దసారు కేంద్రం భవనం వైపు నడిచాడు. ఆయన వెనక ఆయన ఆఫీసర్లు, వాళ్ల వెనక ట్రైనింగు కేంద్రం ఆఫీసర్లు, చివరికి సారు లేనిచోట తాము కూర్చుంటే బాగుండదని ట్రైనింగు వాళ్లూ కదిలారు. దూలయ్య తల వంచుకుని అందరి వెనక నడిచాడు. ఉద్యోగం పోయినట్టే. గంగక్కకు ఏమని చెప్పాలి? కొండ జారిందా అంటే లేదు, రొట్టె జారిందనా? చాయ పోసినందుకు తీసేసిన వాచర్ ములకలపల్లి చుట్టుపక్కల ఇంతదాకా ఎవడూ లేడు.

భవనం అరుగు ఎక్కుతుండగా తట్టింది, పక్కన భీమ్లా లేడని. వెనక్కి తిరిగి చూశాడు. షామియానా కింద భీమ్లా ఒక్కడే ఉన్నాడు. బల్లల దగ్గర ఎవరో ఒకరు కాపలా ఉండాలని చెప్పి వెళ్లారట. కాపలా ఉన్నవాడికి జిలేబీలు కనపడకుండా ఉంటాయా.

అప్పుడే కొండ కడుపులో ఎవరో వడ్ల బస్తా దించినట్టు 'ధుబ్బు'మని వినిపించింది. పెద్ద చప్పుడేమీ కాదు. వాలు పైన అడ్డంగా ఒక గీత పడింది, కుండకు బీట పడినట్టు. గీతకు కిందున్న తెలుపంతా మొదట కదిలీ కదలనట్టు కదిలింది.

దూలయ్య అరిచాడు. తెలుగులో కాదు, హిందీలో కాదు, తన ఇంటి భాష కోయలో అరిచాడు. ఆ మాట భీమ్లాకు రాదు. అయినా అర్థమైంది. బల్ల వదిలి పక్కకు పరిగెత్తాడు. పది అడుగులు వేశాడో లేదో తెల్లటి పొగ షామియానాను, బల్లల్ని, అతన్ని కప్పేసింది. పొగ తగ్గాక అక్కడ ఏమీ లేదు. దున్నిన చేనులా గడ్డలు గడ్డలుగా మంచు, అంతే.

దూలయ్య పార తీసుకుని ఉరికాడు. మోకాళ్ల దాకా కూరుకుపోతూ, లేస్తూ, గడ్డల మధ్య వెతికాడు. ఒక కుర్చీ కాలు కనపడింది. జిలేబీ పళ్లెం కనపడింది. ఆ తర్వాత, గడ్డల సందులో, జానెడు ఎర్ర తాడు.

సర్టిఫికెట్ల కోసం ఆ రోజు అందరూ పూర్తి వేషంలో ఉండాలని ఆర్డరు. అందుకే భీమ్లా నడుముకు తాడు ఉంది. దూలయ్య దాన్ని లాగి, లాగిన వైపే పోయి, అది నిలువుగా కిందికి దిగినచోట పార వేశాడు. గీతలు గీయలేదు. మూలలు చెక్కలేదు. కుక్క తవ్వినట్టు, కోడి గీరినట్టు, ఇష్టం వచ్చినట్టు తవ్వాడు. పార వేగం చాలక చేతులతో తోడాడు. వెనక మిగతావాళ్లు కూడా వచ్చి చేరారు.

మూడడుగుల కింద వేళ్లు తగిలాయి. వేళ్ల వెనక మొహం. పాఠంలో చెప్పినట్టే రెండు చేతులూ మొహం ముందు అడ్డంగా ఉన్నాయి. దూలయ్య ఆ చేతులు తీసి, ముక్కు మీది మంచు తుడిచాడు. భీమ్లా కళ్లు తెరిచాడు. నోట్లో ఏదో ఉంది. మాట్లాడడానికి ముందు దాన్ని నమిలి మింగాడు. సగం జిలేబీ.

"దూలన్నా, ఈతొచ్చింది నాకు" అన్నాడు.

దూలయ్య గుంతలోనే కూలబడి, గొంగడి తీసి అతనికి చుట్టి, తిట్టాడు. ఎన్ని తిట్లు వస్తే అన్నీ తిట్టాడు. తర్వాత లేచి నిలబడ్డాక గుంతను చూసుకుంటే సిగ్గేసింది. ఒక గోడ ఇటు, ఒక గోడ అటు. మట్టిలో కూలీలెవరైనా ఇట్లా తవ్వితే ఆ పూట హాజరు వేసేవాడు కాదు.

మధ్యాహ్నానికి నేగీ సాబ్ తిరిగొచ్చి సంగతంతా విన్నాడు. వాలు చూశాడు, దూలయ్య పొద్దుటి గుంత చూశాడు, తర్వాత భీమ్లాను తీసిన గుంత చూశాడు. ఈ రెండోది బాగుందన్నాడు. దూలయ్య అది మర్యాదకు అన్న మాట అనుకున్నాడు. పెద్దసారు వేరే ప్యాంటులో వచ్చాడు. అది నేగీ సాబ్‌ది, బొత్తాం పట్టలేదు. ఆయన దూలయ్య రెండు చేతులూ పట్టుకుని గట్టిగా ఊపాడు. చాయ పడ్డచోట ఇంకా మండుతోందన్నాడు. భీమ్లా దీన్ని తెలుగులోకి తేలేక నవ్వేశాడు. సర్టిఫికెట్ల పెట్టె కోసం రెండు రోజులు ఇనప కడ్డీలు గుచ్చి వెతికారు. దొరకలేదు. కాగితం లేకుండానే అందరూ పాసయ్యారని నోటిమాటగా చెప్పి పంపేశారు.

ఎర్రవాగులో భీమ్లా ఈ కథ చెబుతుంటే రోజురోజుకూ మంచు లోతు పెరిగింది. ఉగాదికి పదిహేనడుగులైంది. దూలయ్య దిద్దలేదు. అతన్ని అడిగితే, "అవ్, పడ్డది. తీసినం" అని రెండు ముక్కల్లో తేల్చేసేవాడు.

జూన్‌లో పై ఆఫీసు నుంచి ఇంకో కాగితం వచ్చింది. మంచు ట్రైనింగు పొందిన సిబ్బంది ఉన్న రేంజిలు నెలనెలా మంచు పరిస్థితి మీద నివేదిక పంపాలని. రేంజర్ ఆదినారాయణ 'లేదు' అని రాసి పంపాడు. అంకెల్లో రాయమని తిరిగొచ్చింది. తర్వాతి నెల సున్నా వేసి పంపాడు. ఆ తర్వాతి నెల కూడా సున్నా పంపితే, మంచు పడకపోవడానికి కారణాలు తెలపాలని మెమో వచ్చింది.

"నువ్వే చెప్పు దూలయ్యా. ట్రైనింగయినవాడివి నువ్వు" అన్నాడు రేంజర్. ఆ రోజు మఫ్లరు లేదు, ఉక్కపోతకు విసనకర్ర పట్టుకున్నాడు.

దూలయ్య దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. మర్నాడు ఎర్రవాగు గుట్ట వాలుకు పోయి, గీతలు గీసి, నిలువు గోడలతో నడుం లోతు తవ్వి చూసి వచ్చాడు. అతను చెబుతుంటే భీమ్లా రాశాడు. పైన ఆకులు నాలుగు వేళ్లు. కింద నల్లమట్టి జానెడు. దాని కింద ఎర్రమట్టి మూరెడు. అడుగున మొరం. ఉప్పు పొర లేదు. జారే భయం లేదు. మంచు రాకపోవడానికి కారణం, ఎండ. కింద రేంజర్ సంతకం పెట్టాడు. నెల తిరక్కుండానే జవాబొచ్చింది. నివేదిక సంతృప్తికరంగా ఉంది, ఇకముందు కూడా ఇదే పద్ధతిలో పంపాలి.

అలా నెలకో గుంత దూలయ్య డ్యూటీలో చేరింది. దీపావళి ముందు ఒక మధ్యాహ్నం అతను గుట్ట మీద తవ్వుతుంటే, అడ్డాకులు కోసుకుని గంగక్క అటుగా వచ్చింది. మోపు దించి, గుంత అంచున కాళ్లు లోపలికి వేసుకుని కూర్చుంది.

"జారుతదా?" అన్నది.

"జారదు."

"మరేంటికి తవ్వుడు?"

"అడిగిండ్రు."

గంగక్క గోడను చేత్తో తాకి చూసింది. చల్లగా ఉంది. "గా భీమ్లా పదిహేనడుగులల్ల పడ్డడంట గద."

"మూడడుగులే" అన్నాడు దూలయ్య. పార పక్కన పెట్టి, "గంగా, గా రోజు కొలకర్ర ముట్టలే. వాడు లేడనుకున్న. ఊకె తవ్విన. ఎవరికి చెప్పలే" అన్నాడు.

గంగక్క అతని వైపు చూసింది. మోపులోంచి రెండు ఆకులు తీసి పుల్లతో కుట్టి, దొన్నె చేసి, బుంగలోంచి నీళ్లు పోసి ఇచ్చింది. అతను తాగాడు. ఆమె ఇంకో దొన్నె కుట్టడం మొదలుపెట్టింది.

"గా మొరం దాకా పోతవా, గీడనే ఆపుతవా?" అన్నది.

"ఇంకొంచెం ఉన్నది" అని దూలయ్య పార తీసుకున్నాడు.